మొదటి భాస్కరుని జ్యాసూత్రం: శాస్త్రపద్య విమర్శకు ఒక ప్రమాణం

1. ప్రస్తావన

శాస్త్రవిషయాన్ని ఛందస్సులో చెప్పిన గ్రంథాలను సాహిత్య విమర్శ తరచుగా రెండు విధాలుగా దాటవేస్తుంది. కవిత్వం లేదని పక్కన పెట్టడం ఒకటి, ప్రాచీనుల మేధకు నిదర్శనమని కొనియాడి వదిలివేయడం మరొకటి. రెండింటిలోనూ రచనను చదవడం జరగదు. మహాభాస్కరీయం ఏడవ అధ్యాయంలో మొదటి భాస్కరుడు చెప్పిన జ్యాసూత్రం (శ్లో. 17-19) ఈ లోపాన్ని సవరించుకోవడానికి అనువైన ఉదాహరణ.

లీలావతి కర్త అయిన రెండవ భాస్కరునికి ఇతడు సుమారు ఐదు శతాబ్దాలు పూర్వుడు. క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి భాష్యం రచించాడు. ఆర్యభటీయాన్ని ఇతడు ఆశ్మకతంత్రంగా పేర్కొన్నాడు. అశ్మక జనపద రాజధానిని పలువురు చరిత్రకారులు నేటి బోధన్‌గా గుర్తించారు. అందువల్ల బోధన్, బాన్సువాడ ప్రాంతానికి ఈ గణితజ్ఞునితో సంబంధం కలపాలన్న ఆసక్తి సహజం. అయితే భాష్యంలో సౌరాష్ట్రలోని వలభి ప్రస్తావన కూడా ఉంది. ఆశ్మక సంప్రదాయానికి చెందినవాడనడం వేరు, ఆ గడ్డపై పుట్టాడనడం వేరు. ఊరి పేరుతో వచ్చే గౌరవం కన్నా సూత్రాన్ని చదవడం వల్ల కలిగే పరిచయమే దృఢమైనది.

2. సూత్ర నిర్మాణం

కోణం 0 నుంచి 90 డిగ్రీలకు పెరిగేకొద్దీ జ్య సున్న నుంచి శిఖరానికి చేరుతుంది. 180 వద్ద మళ్లీ సున్న అవుతుంది. ఆర్యభటుడు దీనికి 24 జ్యాంతరాలను ఇచ్చాడు. పట్టిక అవసరం లేకుండా ఏ కోణానికైనా విలువ రాబట్టడం భాస్కరుని లక్ష్యం.

కోణాన్ని, 180లో నుంచి దాన్ని తీసివేయగా మిగిలినదానితో గుణించడం మొదటి మెట్టు. ఈ లబ్ధం రెండు చివరలా సున్న, 90 వద్ద గరిష్ఠంగా 8100, శిఖరానికి ఇరువైపులా సమానం. దీన్ని 8100తో భాగిస్తే శిఖరం 1 అవుతుంది. కానీ 30 డిగ్రీల వద్ద లబ్ధం 4500 కనుక 0.5 రావలసిన చోట 0.556 వస్తుంది. శిఖరం సరిపోయినా వాలు సరిపోలేదు.

భాస్కరుని సూత్రం అదే లబ్ధాన్ని హారంలోనూ వాడుతుంది. లబ్ధానికి 4 రెట్లు లవం. 40500 నుంచి లబ్ధాన్ని తీసివేయగా మిగిలినది హారం. 90 వద్ద 32400ను 32400తో భాగిస్తే 1, 30 వద్ద 18000ను 36000తో భాగిస్తే 0.5 కచ్చితంగా వస్తాయి. 45 వద్ద 0.7059 వస్తుంది, అసలు విలువ 0.7071. మొత్తం పరిధిలో దోషం 0.002కు మించదు.

ఈ రూపాన్ని స్వీకరించి, 30, 90 డిగ్రీల వద్ద విలువలు సరిపోవాలని నియమం పెట్టుకుంటే 4, 40500 తప్ప వేరే సంఖ్యలు రావు. భాస్కరుడు ఈ దారినే నడిచాడని శ్లోకాలు చెప్పవు. అవి ఉపపత్తిని ఇవ్వవు. కానీ ఆ సంఖ్యలు యాదృచ్ఛికం కావని మాత్రం స్పష్టం.

3. పద్యరూపం

సూత్రంలోని పొదుపు శ్లోకంలోనూ కనిపిస్తుంది. లబ్ధాన్ని రెండు చోట్ల ఉంచుకొమ్మనడం అందులో కీలకమైన ఆదేశం. లవహారాలు రెండింటికీ మూలం ఒకటేనని ఆ ఒక్క మాటతో తెలుస్తుంది. 40500ను భూతసంఖ్యలలో చెప్పాడు: ఆకాశవాచకాలు సున్నలకు, బాణం 5కు, సముద్రం 4కు. కుడి నుంచి ఎడమకు చదివే ఈ పద్ధతిలో పర్యాయపదాల ఎంపిక ఛందస్సుకు వెసులుబాటునిస్తుంది, సంఖ్య మాత్రం మారదు. చివర అంత్యఫలంతో, అంటే వ్యాసార్ధంతో, గుణించమన్నాడు. అందువల్ల శిఖరం ఎత్తు ఎంతైనా ఆకారం అదే ఉంటుంది. 3438 వ్యాసార్ధంగా తీసుకున్నా 1 తీసుకున్నా సూత్రం చెల్లుతుంది.

4. ముగింపు

మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన విషయంలో కాలనిర్ణయంపై చర్చ విస్తృతంగా జరిగింది. ఆ పద్యాలను పద్యాలుగా పరిశీలించడానికి పై పఠనం కొన్ని ప్రశ్నలను అందిస్తుంది. ఆదేశాల క్రమం సందిగ్ధత లేకుండా ఉందా? సంఖ్యను పద్యం నుంచి తిరిగి రాబట్టవచ్చా? ఛందస్సు కోసం వచ్చిన పదం గణితాన్ని మరుగుపరుస్తున్నదా? శాస్త్రపద్యానికి ఔచిత్యం ఈ ప్రశ్నల దగ్గరే తేలుతుంది. వీటికి సమాధానం కావాలంటే తెలుగు పరిశోధకుడు శ్లోకంతో పాటు లెక్కను కూడా స్వయంగా చేసి చూడవలసి ఉంటుంది.