యాగంటి బసవన్న, కెర్నెల్ కామెంట్లు

ప్రోగ్రాములో కంప్యూటర్ పట్టించుకోని భాగం ఒకటుంటుంది. దాన్ని కామెంట్ అంటారు. కంపైలర్ దాన్ని పక్కకు తోసేసి తన పని తాను చేసుకుపోతుంది. అంటే కోడ్ మొత్తంలో కేవలం మనిషి కోసం మనిషి రాసే మాట అదొక్కటే. అలాంటప్పుడు కథనీ కవితనీ చూసినట్టే దాన్నీ రచనగా చూసే విమర్శ ఉండాలి కదా? ఉంది. లినక్స్ కెర్నెల్ రాసేవాళ్లు దాన్ని రివ్యూ అంటారు. కాకపోతే కామెంట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ రివ్యూ చాలాసార్లు అక్షరదోషాలతోనే ఆగిపోతుంది. పేచీ అక్కడే.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ. మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నెలే. అందులో ఒక ఫంక్షన్ గురించి పద్ధతిగా చెప్పడానికి కెర్నెల్-డాక్ అనే రూపం ఉంది. ఒక గీత, రెండు చుక్కలతో మొదలవుతుంది. ఫంక్షన్ పేరు, ఒక్క ముక్కలో అది చేసే పని, తీసుకునే పారామీటర్లు, ఏ పరిస్థితిలో పిలవొచ్చు, ఏం తిరిగిస్తుంది. సీసపద్యానికి ఉన్నంత కట్టుబాటు. దీన్ని చదివే స్క్రిప్ట్ కూడా ఒకటుంది. పారామీటర్ ఒకటి వదిలేస్తే, పేరు తప్పు రాస్తే హెచ్చరిస్తుంది.

కానీ ఆ స్క్రిప్ట్ గణాలు లెక్కపెట్టే పరీక్షకుడి లాంటిది. యతిప్రాసలు చూస్తుంది, అర్థం చూడదు. దాని నోరు మూయించడానికి జనం ఏం చేస్తారంటే, 'డివైస్' అన్న పారామీటర్ ఎదురుగా 'ఇది డివైస్' అని రాసేస్తారు. హెచ్చరిక పోతుంది, చదివేవాడికి దక్కేది మాత్రం సున్నా. ఈ సున్నాని పట్టుకోవాల్సింది రివ్యూ చేసే మనిషే.

ఖాళీ కామెంట్ కన్నా ప్రమాదం పాతబడిన కామెంట్. నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర యాగంటి ఉంది కదా. అక్కడి బసవన్న పెరుగుతున్నాడని నమ్మకం. ఒకప్పుడు ఆయన చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమనీ, ఇప్పుడు పక్క స్తంభానికీ ఆయనకీ మధ్య సందు లేదనీ పెద్దలు చెబుతారు. నమ్మకం సంగతి అట్లుంచి, ఆ రోజుల్లో ఎవరో 'ఇటు తిరగవచ్చు' అని బోర్డు పెట్టారనుకుందాం. రాసినవాడు అబద్ధం చెప్పలేదు. రాయి పెరిగింది, బోర్డు పెరగలేదు. కెర్నెల్‌కి తొమ్మిది పది వారాలకో కొత్త వెర్షన్ వస్తుంది. కోడ్ కదిలిపోతుంది, మీద రాసిన మాట అక్కడే ఉంటుంది. ఆళ్లగడ్డ శిల్పులకి ఈ బాధ లేదు. రాయి మీద గీసుకున్న కొలత గీత ఉలి దిగేకొద్దీ లేచిపోతుంది. విగ్రహం పూర్తయ్యాక పాత గీత మిగలదు, ఎవర్నీ మోసం చెయ్యదు.

మోసం అన్న మాట ఊరికే వాడలేదు. స్పిన్‌లాక్ పట్టుకున్న కోడ్ నిద్రపోకూడదు. ఒక ఫంక్షన్ నిద్రపోయే అవకాశం ఉండీ ఆ సంగతి కామెంట్ చెప్పకపోతే, దాన్ని నమ్మి పిలిచినవాడి మెషీన్ బిగుసుకుపోవచ్చు. అందుకే కెర్నెల్‌వాళ్లు కొన్ని కామెంట్లని కోడ్‌గానే మార్చేశారు. 'ఈ లాక్ పట్టుకునే రావాలి' అని రాసే బదులు లాక్‌డెప్ తనిఖీ పెడతారు. డీబగ్ కోసం కట్టిన కెర్నెల్‌లో మాట తప్పితే అదే అరుస్తుంది. ఇది మంచి సంస్కరణ. అయితే 'ఎందుకు' అన్నదాన్ని ఏ తనిఖీ చెప్పలేదు. దానికి వాక్యమే కావాలి.

ఈ రంగంలో అందరికీ తెలిసిన కామెంట్ 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌లో ఉంది. ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కి మారే చోట, ఇది మీకు అర్థం కావాలని ఎవరూ ఆశించడం లేదు అన్న భావంతో ఒక్క ముక్క. దీన్ని పొగరు అనుకున్నవాళ్లు చాలామంది. డెనిస్ రిచీ తర్వాత వివరణ ఇచ్చాడు: ఇది పరీక్షలో రాదులే అన్న ధోరణిలో అన్నదే తప్ప సవాలు కాదట. అసలు సంగతి ఆ తర్వాత చెప్పాడు. అక్కడ ఏం జరుగుతోందో తమకే సరిగ్గా తెలియలేదట. ఆ పద్ధతి పీడీపీ-11 మీద నడిచింది, వేరే మెషీన్‌కి మార్చబోతే కూలింది. ఏడో ఎడిషన్‌కి తిరగరాయాల్సి వచ్చింది. వివరించలేకపోవడమే ఆ కోడ్‌లోని జబ్బుకి లక్షణం. కామెంట్‌ని గట్టిగా నిలదీసిన రివ్యూయర్ ఉండి ఉంటే జబ్బు ముందే బయటపడేదేమో.

ఆ కోడ్‌కే ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు వ్యాఖ్యానం రాశాడు. లైసెన్సు చిక్కుల వల్ల ఏళ్ల తరబడి జిరాక్సు కాపీలుగా చేతులు మారి, 1996లో గానీ పుస్తకంగా రాలేదు. వ్యాఖ్యానానికి ఎంత ఆకలి ఉంటుందో చెప్పడానికి ఇది చాలు.

మనకి ఈ ఆకలి కొత్త కాదు. మెదక్ దగ్గరి కొలిచారం మల్లినాథసూరి తన కాళిదాసు వ్యాఖ్యకి సంజీవని అని పేరు పెట్టాడు. చెడ్డ వ్యాఖ్యల విషంతో మూర్ఛపోయిన కవి వాక్కుని బతికించడానికట. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు కూడా పెట్టుకున్నాడు. కామెంట్ రివ్యూకి ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు దొరకలేదు. మొదటిది పాతబడిన కామెంట్‌కి మందు, రెండోది 'ఇది డివైస్' జాతికి.

కెర్నెల్ డాక్యుమెంటేషన్‌కి చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలు ఉన్నాయి. తెలుగు లేదు. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లోకి వచ్చిన పిల్ల, ఈ ఇంగ్లిష్ కామెంట్ల గుండానే లోపలికి పోవాలి. 'ఇది యాడికి పోతాందో అర్థం కాల్యా' అనుకుంటే తన ఇంగ్లిష్‌నే తప్పుపట్టుకుంటుంది. కొత్తవాళ్లకి కామెంట్ల సవరణ అప్పజెప్పేటప్పుడు పెద్దలు చిన్న పని ఇస్తున్నామనుకుంటారు. నిజానికి ఆ కోడ్ తెలిసినవాడు కామెంట్‌లోని ఖాళీని తన జ్ఞానంతో పూడ్చుకుని చదివేస్తాడు, ఖాళీ ఉన్నట్టే అతనికి కనపడదు. కనపడేది ఈ పిల్లకే. కాబట్టి కామా ఎక్కడ పెట్టాలో కాదు, ఎక్కడ ఆగిపోయిందో ఆమెని అడగాలి. ఆమె ఆ చోటు చూపిస్తే దాన్ని రివ్యూ కిందే లెక్కెయ్యాలి, రివ్యూ చేసినవాళ్ల పేర్లుండే వరసలో ఆమె పేరూ ఉండాలి.