అచ్చుపటములు – కావ్యార్థము

ప్రతికృతి యను నర్థమునఁ గన్‌ప్రత్యయమును విధించిన పాణిని, జీవనార్థమై యుండియు విక్రయింపఁబడని ప్రతిమలయెడ నా ప్రత్యయమునకు లుప్పును జెప్పెను (5-3-99). దీనినిబట్టి యంగడిలో నమ్ముడుపోవు శివప్రతిమ శివకుఁడు. అర్చకుఁడు సేవించి జీవించు ప్రతిమ శివుఁడు. ఇచట భాష్యకారుఁడు మౌర్యుల ప్రస్తావము తెచ్చెను. వారు బంగారము గోరి ప్రతిమలను గల్పించిరఁట. అట్టివానియందు లుప్పు చెల్లదనియు, సంప్రతి పూజకొఱకున్న ప్రతిమలయందుఁ జెల్లుననియు నాతని సమాధానము. బొమ్మకును దేవునకును గల భేదము ఒక చిన్న ప్రత్యయముయొక్క యునికిలేములచేతఁ దెలియవచ్చుచున్నది.

ఈ విచారము అచ్చుపటములకును వర్తించును. 1796 ప్రాంతమున జర్మనీలో సెనెఫెల్డరు శిలాముద్రణమును గనిపెట్టెను. రాతిపై జిడ్డుసిరాతో వ్రాసి, రాతిని తడిపి, మరల సిరా పూసినచో నది జిడ్డుగీఁతలను మాత్రమే యంటుకొనును. ఒక్కొక్క వర్ణమునకు నొక్కొక్క రాతిని వాడి రంగుపటములను దీయు పద్ధతి పిమ్మట వచ్చెను. రాజా రవివర్మ (1848–1906) 1894లో బొంబాయిలో నిట్టి ముద్రణాలయమును నెలకొల్పెను. అదిమొదలు లక్ష్మీసరస్వతులు రాజమందిరములనుండి సామాన్యుల యిండ్లకు వచ్చిరి.

మన పండితులలోఁ గొందఱు వీనిని అంగడిబొమ్మలని యీసడింతురు. ఈ యాక్షేపము నిలువదు. కొన్ననాఁడు శివకుఁడైనను, గోడ నెక్కి పసుపుకుంకుమలు గైకొన్ననాఁడు శివుఁడే. భాష్యకారుని సంప్రతిశబ్దమే యిందులకుఁ బ్రమాణము. మఱియు మద్రాసు రాష్ట్రమున 1947లో ఆలయప్రవేశశాసనము వచ్చువఱకుఁ బెక్కుగుడుల వాకిళ్లు ఎందఱికో మూయఁబడియుండెను. అట్టివారి యింటికి దేవుఁడు తానై నడచివచ్చినది కాగితముమీఁదనే. దానిని తక్కువచేసి మాటాడుట మనకుఁ దగదు.

అయినను అచ్చుపటమునం దొక దోషము కలదు. అది యమ్మకమువలన వచ్చినది కాదు.

ఒకనాఁడు వజ్రకరూరిలో బాలురకు శృంగారనైషధకథ చెప్పుచు, నలుఁడు పట్టిన హంస యే రంగుదని యడిగితిని. అందఱును నొక్కగొంతుతోఁ దెలుపనిరి. వారి కన్నులయందున్నది రవివర్మ 1899లో వ్రాసిన హంసదమయంతి. ఎఱ్ఱచీర కట్టిన దమయంతి, ఆమె యెదుట రాతికట్టడముపైఁ దెల్లని హంస. ఆ చిత్రము అచ్చుపడి దేశమంతట వ్యాపించినది. కాని శ్రీహర్షుని హంస బంగారుహంస. శ్రీనాథుఁ డాంధ్రీకరించినదియు నా కథనే.

హంస తెల్లనిదనుట కవిసమయము గదా, చిత్రకారుని దోషమేమని యడుగవచ్చును. తెలుపు కవిసమయమగుటచేతనే యిచట బంగారు వన్నె యద్భుతమైనది. ఆ వన్నెను జూచియే నలునకుఁ గోరిక పుట్టెను. ఆ కోరికచేతనే పట్టెను. చిక్కిన పక్షి రాజును నిందించునది తన బంగారుఱెక్కలపై నాతఁడు గొన్న తృష్ణనుగూర్చియే. హంసను దెల్లగాఁ జేసినచో నిందకు మూలము పోయినది. రాజు సిగ్గుపడి విడుచుటకును, విడువఁబడిన పక్షి కృతజ్ఞతతో దూత యగుటకును గారణము పలుచనైనది. ఒక రంగు మాఱుటచేఁ గథయొక్క హేతుపరంపరయే సడలినది.

అయినను రవివర్మను నిందించుట నా యుద్దేశము గాదు. పదమున కర్థ మాకృతియని వాజప్యాయనుఁడును, ద్రవ్యమని వ్యాడియు వాదించిరి. కవి పదముతోఁ బనిచేయును గాన, ఆకృతిని సూచించి వ్యక్తిని జదువరి యూహకు విడువవచ్చును. చిత్రకారునకా వెసులుబాటు లేదు. ఒక్క ముఖమును, ఒక్క చీరను, ఒక్క వర్ణమును నిర్ణయింపక యాతని కుంచె సాగదు. కావున నాతని చిత్రము కావ్యమునకొక వ్యాఖ్యానము. ఒక్క ప్రతిగా నున్నంతవఱకు నది వ్యాఖ్యానముగానే యుండును. వేలప్రతులుగా నచ్చుపడి మూలముకంటె ముందుగాఁ బసివారి కన్నులఁ బడినప్పుడు మూలమునే త్రోసి తాను గూర్చుండును.

ఇది మనదేశమునకే కలిగిన యిబ్బంది గాదు. 1515లో గుజరాతునుండి వెడలిన యొక ఖడ్గమృగము లిస్బనునగరము చేరెను. నూరెంబర్గుననున్న డ్యూరరు దానిని గన్నులారఁ జూడలేదు. ఒక లేఖను, ఒక రేఖాచిత్రమును నాధారముగాఁ గొని కొయ్యయచ్చున దాని రూపమును ముద్రించెను. మృగమునకు లేని చిన్నకొమ్మొకటి యాతని చిత్రమున మూఁపుపై మొలచినది. ఇంచుమించు రెండుశతాబ్దములకుఁ బైగా ఐరోపావారి జంతుశాస్త్రగ్రంథములు ఆ చిత్రమునే యనుసరించినవి. నిజమైన మృగముకంటె నచ్చుమృగమే ప్రమాణమైనది!

ఇందులకు మందు పటములను దీసివేయుట గాదు, మఱికొన్నిటిని జూపుట. మా సీమలోనే నిమ్మలకుంట తోలుబొమ్మలు గలవు. 16వ శతాబ్దమునాఁటి లేపాక్షి వీరభద్రాలయపుఁ గప్పున వర్ణచిత్రములు గలవు. అచటి పార్వతికిని, అచ్చుపటమునందలి పార్వతికిని గట్టులోను గన్నుతీరులోను బోలికయే లేదు. రెంటినిఁ బ్రక్కప్రక్కఁ జూచిన బాలుఁడు, చిత్రము చిత్రకారుని తలఁపేకాని దేవత కొలత కాదని తానే గ్రహించును. కావ్యమును జెప్పు పండితుఁడు ముందుగా మూలము చదివించి, యూహింపనిచ్చి, పిదపఁ బటమును జూపుట మేలు. చిత్రములతో గ్రంథములను బ్రకటించువారు, మూలమును విడిచినచోటును జిత్రముక్రింద నొక పంక్తిలోఁ దెలుపుట ధర్మము.

నాఁడు నేను హంస బంగారపుదని చెప్పఁగా నొక బాలుఁడు, "అయ్యవారూ, వానపడినంక మావాళ్లు చేలల్లో రాళ్లకు పోతారే, అట్లనా?" అనెను. తొలకరికి వజ్రములు వెదకుచు నెఱ్ఱనేలపై వంగినడచు పెద్దలను జూచి పెరిగినవాఁడు గాన, నలుని తృష్ణ వానికి వెంటనే తెలిసినది. తెల్లహంస వానికి చెప్పలేని యర్థమిది.