‘రంగస్థలం’లో చిట్టిబాబు: వినికిడి, పని – ఒక పరిశీలన



సినిమా విమర్శ అంటే కథ బాగుందో లేదో చెప్పడం మాత్రమే కాదు. ఒక పాత్రను దర్శకుడు ఏ పనిలో నిలబెట్టాడు, ఆ పనికి చివరిదాకా ఎంత విలువ ఇచ్చాడు అని అడగడం కూడా విమర్శే. ఈ దృష్టితో, సుకుమార్ దర్శకత్వంలో 2018 మార్చి 30న విడుదలైన ‘రంగస్థలం’ చిత్రాన్ని పరిశీలిద్దాం.

పాత్ర – వృత్తి

రామ్‌చరణ్ పోషించిన చిట్టిబాబుకు వినికిడి తక్కువ. 1980ల నాటి గోదావరి ప్రాంతపు పల్లెలో ఇంజనుతో రైతుల పొలాలకు నీళ్లు తోడిపెట్టడం అతని జీవనాధారం. అతన్ని ‘సౌండ్ ఇంజనీర్’ అని పిలవడంలో ఎగతాళి ఉంది, అతని పనికి గుర్తింపూ ఉంది.

కర్నూలు, కడప జిల్లాల్లో చదువుతున్న మీకు ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు. తన బోరు ఎండిపోయి, పక్క పొలం బోరు నీళ్లకోసం ఎదురుచూసే రైతును మీరు చూసే ఉంటారు. నీళ్లు పెట్టేవాడు పదిమందితో వ్యవహరించాలి. ఎవరి పొలానికి ఎప్పుడు, ఎంతసేపు అన్నది తెలుసుకోవాలి, డబ్బుల లెక్క తేల్చుకోవాలి. ఇవన్నీ చెవితోనే జరిగే పనులని మనం అనుకుంటాం. చిట్టిబాబు మాత్రం పక్కన ఒక సహాయకుణ్ణి పెట్టుకుని వాటిని నెగ్గుకొస్తాడు. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లు’ అనే సామెత లోపాన్నంతా వినలేనివాడి మీదే వేస్తుంది. ఈ సన్నివేశాలు ఆ సామెతను కాదంటాయి: ఏర్పాటు సరిగా ఉంటే పని ఆగదు.

కె. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ (1986)తో పోల్చండి. అందులో సుహాసిని పాత్రకు మాట రాదు, ఆమె చిత్రకారిణి. అక్కడ వైకల్యం కళతో ముడిపడింది. ఇక్కడ అది రోజువారీ సంపాదనతో ముడిపడింది. తెలుగు సినిమాలో ఇది చెప్పుకోదగిన మార్పు.

చిత్రం ఎక్కడ తడబడింది?

మొదటి సగంలో నవ్వు చాలావరకు పొరపాటుగా వినడం నుంచే పుడుతుంది. మనం చిట్టిబాబుతో కలిసి నవ్వుతున్నామా, అతన్ని చూసి నవ్వుతున్నామా అన్నది ప్రతి సన్నివేశంలోనూ వేసుకోవలసిన ప్రశ్న. రెండో సగంలో, అన్న కుమార్‌బాబు చివరి క్షణాల్లో చెప్పబోయిన మాట అతనికి వినబడదు. అప్పటినుంచి వినికిడి లోపం కథ ముడిగా మారుతుంది. నీళ్ల ఇంజను వెనక్కి పోతుంది. ప్రతీకారం కథానాయకుణ్ణి నిలబెట్టింది కాని, పనిమనిషిగా నిలబడ్డ చిట్టిబాబును మరుగుపరచింది. మరో విశేషం: 2018 సంవత్సరపు 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఈ చిత్రానికి శబ్దమిశ్రమానికి అవార్డు వచ్చింది. వినికిడి తక్కువైన మనిషి కథ మనకు అంత బాగా వినబడింది!

తెర బయట

2015లో ముంబయిలోని పొవయిలో ‘మిర్చీ అండ్ మైమ్’ అనే రెస్టారెంటు మొదలైంది. అక్కడ వడ్డించేవారు బధిరులు. ఒక్కొక్క వంటకానికి చేయవలసిన సైగ మెనూలోనే ఉండేది. వచ్చినవారు దాన్ని చూసి నేర్చుకుని చెప్పేవారు. గమనించండి: ఇక్కడ మారవలసింది పనివాడు కాదు, వినియోగదారుడు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం దివ్యాంగులకు కేటాయించింది. అందులో 1 శాతం బధిరులకు, వినికిడి తక్కువగా ఉన్నవారికి చెందుతుంది. పనిచోట తగిన సర్దుబాట్లు చేయాలని కూడా ఆ చట్టం చెబుతుంది. చిట్టిబాబు సొంతంగా చేసుకున్న ఏర్పాటు ఇప్పుడు యజమాని బాధ్యత అయింది.

మీలో కొందరు రేపు బ్యాంకు కౌంటరులోనో, దుకాణంలోనో కూర్చుంటారు. మరికొందరు ఎవరికి ఉద్యోగం ఇవ్వాలో నిర్ణయిస్తారు. ‘వినబడనివాడు వచ్చినవాళ్లతో ఎట్లా మాట్లాడతాడు?’ అని ఎవరైనా అడిగితే, ‘మన కౌంటరు దగ్గర ఏం మార్చాలి?’ అని తిరిగి అడగండి. ‘రంగస్థలం’ మొదటి సగం మనకు నేర్పేది ఇదే. రెండో సగం మరచిపోయిందీ ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చిట్టిబాబు వృత్తి అతని పాత్రకు ఏ విధంగా బలం చేకూర్చింది?
2. మీ ఊరి బస్టాండులో గాని, మందుల దుకాణంలో గాని ఒక కౌంటరును గమనించండి. అక్కడ ఒక బధిరుడు పనిచేయడానికి ఏ మూడు మార్పులు అవసరమో రాయండి.