ఎడిటర్‌లో దుబాసీ

భిలాయిలోని మరోదా క్వార్టర్లలో పెరిగిన తెలుగు పిల్లలకు భాష మార్చడం చెప్పులు విడిచినంత తేలిక. ఇంట్లో ఉత్తరాంధ్ర యాస, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి భిలాయిలో ఉక్కు కర్మాగారం పనులు మొదలైనప్పుడు రష్యన్ ఇంజినీర్లకూ మనవాళ్లకూ మధ్య దుబాసీలు నిలబడ్డారు. కార్మికులందరూ రష్యన్ నేర్చుకుంటే గానీ కుదరదని కూర్చుంటే 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగేది కాదు. ఇంత తెలిసిన ఉపాయం కోడ్ ఎడిటర్లలో పద్ధతిగా స్థిరపడటానికి మాత్రం 2016 దాకా పట్టింది.

ఎడిటర్‌కు కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్పాలంటే ముందు దాన్ని గుర్తుపట్టడం నేర్పాలి. ఫైలు పేరు చివర డాట్ పి.వై. ఉంటే పైథాన్, చివర ఏమీ లేకపోతే మొదటి వరుస చూసి పోల్చుకోవాలి. తర్వాత చిన్న చిన్న మర్యాదలు: కామెంట్‌కు పైథాన్‌లో #, జావాలో //, ఎంటర్ కొడితే వరుస ఎంత లోపలికి జరగాలి, ఏ బ్రాకెట్‌కు ఏది జోడీ. ఇదంతా ఒక పూట పని.

కోడ్‌కు రంగులు వేయడం అంత సులువు కాదు. విమ్ ఎడిటర్‌లో 1998 నుంచి ఒక్కో భాషకూ ఒక్కో సింటాక్స్ ఫైలు ఉంటోంది. 2004లో మాక్ కోసం వచ్చిన టెక్స్ట్‌మేట్ ఎడిటర్ రీజెక్స్ (అక్షరాల వరుసలను నమూనాతో పోల్చే) సూత్రాలతో రాసే వ్యాకరణ పద్ధతి తెచ్చింది, వి.ఎస్.కోడ్ ఇప్పటికీ ఆ బాటలోనే నడుస్తోంది. ఈ కోట్ నుంచి ఆ కోట్ దాకా ఒక రంగు అని సూత్రం. హెచ్.టి.ఎం.ఎల్.లో జావాస్క్రిప్ట్, దాని కడుపులో ఇంకో భాష వస్తే సూత్రం దారి తప్పుతుంది. ఒక్క కోట్ మూయడం మరిచినా కొన్ని భాషల్లో కింది పేజీ అంతా హోలీ ఆడినట్టే.

దీనికి మందు మాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ తయారుచేసిన ట్రీ సిటర్. అది కోడ్‌ను చెట్టులా విడదీస్తుంది. ఒక అక్షరం మారితే ఆ కొమ్మనే మళ్లీ చూస్తుంది. నాకు నచ్చేది దాని ఓర్పు. రాస్తూ ఉన్న కోడ్ ఎప్పుడూ అసంపూర్ణమే కదా. కంపైలర్ అక్కడ పంతులుగారిలా బెత్తం తీస్తుంది, ట్రీ సిటర్ అమ్మమ్మలా సగం మాటకే అర్థం అందుకుంటుంది.

ఇక అసలు దుబాసీ. పది ఎడిటర్లకు ఇరవై భాషలు నేర్పాలంటే ఒకప్పుడు రెండు వందల జతకట్లు. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌తో అవి ముప్ఫైకి దిగాయి. భాష తెలిసిన సర్వర్ విడిగా కూర్చుంటుంది. "పన్నెండో వరుస, ఏడో గడిలో ఉన్న పేరు ఎక్కడ పుట్టింది?" అని ఎడిటర్ అడుగుతుంది, ఫలానా ఫైల్లో ఫలానా చోట అని సర్వర్ చెబుతుంది. ఎడిటర్‌కు భాష రాదు, సర్వర్‌కు ఎడిటర్ మొహం తెలియదు. పని జరుగుతుంది.

అయితే గడులు లెక్కపెట్టేది ఎలా? ఇక్కడే మన అక్షరాలు అడ్డం తిరుగుతాయి. పైథాన్ 3లో వేరియబుల్‌కు తెలుగు పేరు పెట్టుకోవచ్చు. "స్త్రీ" అని పెట్టామనుకోండి. కంటికి ఒకటే అక్షరం. యూనికోడ్‌లో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యు.టి.ఎఫ్.-8లో పద్దెనిమిది బైట్లు. ఈ ప్రోటోకాల్ మొదటి నుంచీ యు.టి.ఎఫ్.-16 లెక్క పట్టుకుంది, అంటే ఆరు. సర్వర్ బైట్లు లెక్కపెట్టి పద్దెనిమిది అంటే, పక్కనున్న తప్పు కింద పడాల్సిన ఎర్రగీత పన్నెండు గడులు అవతల పడుతుంది. ఏ కొలతతో మాట్లాడుకోవాలో ముందే తేల్చుకునే వీలు 2022లో, 3.17 వెర్షన్‌లో వచ్చింది.

రీజెక్స్‌తో ఇంకో చిక్కు. పైథాన్‌తో వచ్చే రీజెక్స్‌నే పదాలు ఏరమంటే పొల్లునూ గుణింతాన్నీ అక్షరాలుగా ఒప్పుకోదు. స్త్రీని స, త, ర అని మూడు ముక్కలు చేస్తుంది. అందుకే కొత్త లాంగ్వేజ్ సర్వర్ ఏది పెట్టుకున్నా నేను మొదట టైపు చేసే వేరియబుల్ ఇదే. దాని పక్కన కావాలనే ఒక తప్పు రాసి, ఎర్రగీత ఎక్కడ పడుతుందో చూస్తాను.