సమ్మెకు కారణము స్థలమా, సంకల్పమా?

పైనుండి విడిచిన రాయి క్రిందికే పడును. అది ఎంతసేపటికి నేలను తాకునో లెక్కకట్టి ముందే చెప్పగలము. ఇప్పటి స్థితి పూర్తిగా తెలిసినచో రాబోవు స్థితి తప్పక తెలియునను భావమునకు నియతివాదమని పేరు. కారణములన్నియు తెలిసినను ఫలితము ఒక్కటే కానక్కరలేదనునది అనియతివాదము. ఈ తగవు సమాజశాస్త్రములో ప్రవేశించినప్పుడు ఏమగునో ఒక ప్రసిద్ధ సిద్ధాంతముతో పరిశీలింతము.

1954లో క్లార్క్ కెర్, అబ్రహాం సీగెల్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞులు 11 దేశముల సమ్మెల లెక్కలను పోల్చి ఒక వ్యాసమును ప్రకటించిరి. గనులలోను, ఓడలలోను, రేవులలోను పనిచేయువారు తక్కినవారికంటె ఎక్కువగా సమ్మె చేయుదురని అందు తేల్చిరి. దీనికి వారు రెండు కారణములు చెప్పిరి. గనికార్మికులు ఒకేచోట, ఒకే పనిలో, ఒకే కష్టములో బ్రతుకుదురు; ఇతర వర్గములతో వారికి కలయిక తక్కువ. కనుక వారు సమాజమునుండి వేరుపడిన సమూహము. ఇది మొదటి కారణము. కఠినమైన పని తెగువగల మనుషులనే ఆకర్షించుననునది రెండవది. ఆ 11 దేశములలో భారతదేశము లేదు. కాబట్టి మన బొగ్గుగనులు ఈ సిద్ధాంతమునకు మంచి పరీక్ష.

గోలేటిని చూచినవారికి సిద్ధాంతము మొదట నిజమనియే తోచును. సింగరేణి బెల్లంపల్లి ఏరియా కార్యాలయము ఇక్కడనే ఉన్నది. గని, క్వార్టర్లు, బజారు, బడి అన్నియు బొగ్గుచుట్టునే అల్లుకొన్నవి. షిఫ్టు వేళలే ఊరికి గడియారము. సింగరేణి చరిత్రయు మొదట దీనినే బలపరచును. 1981లో అక్కడ 56 దినముల సమ్మె జరిగెను. తరువాతి పదేండ్లలో చిన్నచిన్న సమ్మెలు లెక్కకు మిక్కిలి.

కాని ఆ పిమ్మటి చరిత్ర వేరు. 1998లో గుర్తింపు సంఘమును ఎన్నుకొనుటకు కార్మికులు తొలిసారి రహస్య ఓటు వేసిరి. ఆ తరువాత సమ్మెలు ఎంతో తగ్గినవి. అదే కాలమున ఓపెన్‌కాస్టు గనులు, యంత్రములు పెరిగినవి. కార్మికుల సంఖ్య తగ్గినది. కనుక ఎన్నికలే ఏకైక కారణమనుట తొందరపాటు. అయినను ఊరు కదలకుండగనే ఫలితము మారినదనుట స్పష్టము. స్థలమే నిర్ణయించునదైనచో ఇట్లు జరుగరాదు.

రెండవ సంగతి ఇంకను బలమైనది. 2011 సెప్టెంబరు 13న తెలంగాణ రాష్ట్రము కొరకు సకల జనుల సమ్మె మొదలయ్యెను. అది 42 దినములు సాగెను. సింగరేణి కార్మికులు అందులో నెలకు పైగా పాల్గొనిరి. వారితోపాటు ఉపాధ్యాయులు, ప్రభుత్వోద్యోగులు, ఆర్.టి.సి. కార్మికులు, న్యాయవాదులు ఉండిరి. సమాజమునుండి వేరుపడినందున గనికార్మికుడు సమ్మె చేయునని సిద్ధాంతము చెప్పుచున్నది. ఇక్కడ సమాజముతో కలిసినందుననే అతడు సమ్మె చేసెను! ఫ్రాన్సు దేశపు సమ్మెలను పరిశీలించిన షార్టర్, టిల్లీ అను చరిత్రకారులు కూడ 1974లో, ఒంటరితనముకంటె సంఘటిత శక్తియే సమ్మెకు ముఖ్యమని వాదించిరి.

అట్లని అనియతివాదమునకు జయము కలిగినదనరాదు. కొందరు 1927 నాటి హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రమును చూపి, ఎలక్ట్రానుకే నియతి లేనప్పుడు మనుష్యునకెక్కడిదందురు. ఇది పొరపాటు. ఆ అనిశ్చితత్వము గులకరాయంత వస్తువులో సైతము గణనకు రానంత స్వల్పము. పైగా యాదృచ్ఛికత వేరు, ఆలోచించి నిర్ణయించుట వేరు. పాచిక పడినట్లు కార్మికుడు సమ్మెకు దిగడు.

గనిలోని ఉదాహరణమే ఈ చిక్కును విప్పును. గాలిలో మీథేను సుమారు 5 నుండి 15 శాతమువరకు ఉన్నచో నిప్పురవ్వ తగిలిన పేలును. వాయువుల పాలు ప్రమాదమునకు వీలు కల్పించును. అంతమాత్రమున ప్రమాదము జరిగితీరదు. గాలి సరఫరా సరిగా ఉంచుట, నిప్పు దరిచేరకుండ చూచుట మనుష్యుల చేతిలోని పనులు. సమాజ పరిస్థితులును అట్టివే. అవి కొన్ని దారులను సులభము చేయును, కొన్నిటిని కష్టము చేయును. ఏ దారిన నడచుటయో సంఘములు, చట్టములు, మనుష్యుల నిర్ణయములు తేల్చును. ఒక భేదము మాత్రము మరువరాదు. మీథేనుకు తన్ను గూర్చిన సిద్ధాంతము తెలియదు. మనుష్యునకు తెలియును, తెలిసి నడక మార్చుకొనును.

కెర్, సీగెల్‌ల లెక్కలు నిరర్థకములు కావు. ఒక సంభావ్యతను వారు చూపిరి. దానిని విధిగా చదువుటయే దోషము. ఈ దోషము పుస్తకములలోనే నిలిచిపోదు. "గనికార్మికుని బిడ్డ ఇంతే" అని తరగతిలో ఒక ఉపాధ్యాయుడు తలచినచో అతడు ఎరుగకయే నియతివాదమును బోధించుచున్నాడు. బిడ్డ దానిని నమ్మినచో ఆ తప్పుడు సిద్ధాంతమే నిజమైనట్లు కనబడును. కావున సమాజమును గూర్చి ఏ సిద్ధాంతము విన్నను విద్యార్థి ఒక ప్రశ్న అడుగవలెను: ఏమి జరిగినచో ఇది తప్పని ఒప్పుకొందురు? జవాబు లేనిచో అది శాస్త్రము కాదు, జాతకము.