కారు కిటికీలోంచి 27 ఏళ్లు

అమెరికాలో అయొవా రాష్ట్రపు పడమటి కొసన, మిస్సోరీ నది ఒడ్డున సూ సిటీ అనే ఊరుంది. 1990లో ఆ ఊళ్లో డెబ్బై దాటిన ఒక జంట, పిల్లలు పెరిగిన పాత ఇల్లు అమ్మేసి, ఎర్రరంగు వేసిన ఒక ఒంటి అంతస్తు ఇంటికి మారింది. పెద్దాయన ఒకప్పుడు ధాన్యం ప్రాసెసింగ్ కంపెనీ తరఫున ఊళ్లు తిరిగిన సేల్స్‌మన్. రిటైరయ్యాక పెరట్లో టమాటాలు వేసుకున్నారు. పెద్దావిడ చికెన్ వేయించేవారు, రూబార్బ్ అనే పుల్లటి కాడలతో ‘పై’ అనే తీపి వంటకం చేసేవారు, చలికాలానికి కూరగాయలు ఫ్రీజర్లో దాచేవారు. వాళ్ల కూతురు డియానా డైక్‌మన్ ఫొటోగ్రాఫర్. కాపురం మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో. కారులో ఆరేడు గంటల దూరం. కొన్ని నెలలకోసారి వచ్చి అమ్మానాన్నలతో నాలుగు రోజులు ఉండి వెళ్లేవారు. 1991లో అలా వెళ్లబోతూ, వాకిట్లో నిలబడి చెయ్యూపుతున్న ఇద్దరినీ ఒక ఫొటో తీశారు.

అమ్మ నీలం రంగు షార్ట్స్ వేసుకుని, గులాబీరంగు బ్లౌజ్ తొడుక్కుని ఉంది. ఎండగా ఉంది. అంతే. ఏ ఇంటి ఆల్బమ్‌లోనైనా దొరికే ఫొటో అది. అందంలో చెప్పుకోదగ్గదేమీ కాదు. అయితే ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ, వెళ్లేముందు డైక్‌మన్ మళ్లీ అదే పని చేశారు. 2017 దాకా చేస్తూనే ఉన్నారు. ఆ ఫొటోల వరసకు ‘లీవింగ్ అండ్ వేవింగ్’ అని పేరు. 2021లో షోజ్ కొమ్యూన్ అనే ఫ్రెంచి ప్రచురణ సంస్థ పుస్తకంగా తెచ్చింది. ఇలాంటి సిరీస్ ఒకటి తియ్యాలని తాను ఎన్నడూ అనుకోలేదని, వెళ్లిపోతున్నప్పటి దిగులు తట్టుకోవడానికి తీసిన ఫొటోలే ఇలా పోగుపడ్డాయని ఆవిడే రాసుకున్నారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ దాన్ని పట్టుకుని ఈ పనిలో పనితనమేమీ లేదని, ఊరికే ప్రేమ ఉందని తేల్చేస్తే పొరపాటు. ప్రేమతో తీసిన కుటుంబ ఫొటోలు లోకంలో కోట్లున్నాయి. వాటిలో ఎన్నింటిని పరాయివాళ్లు మళ్లీ మళ్లీ చూస్తారు?

మొదట చోటు సంగతి చూద్దాం. ఫొటోగ్రాఫర్ చాలామట్టుకు కారులో ఉంటారు. ఎదురుగా వాకిలి, గరాజ్, గడ్డి, వాటి ముందు ఇద్దరు మనుషులు. కారు సీటులో కూర్చుంటే కళ్లు నిలబడ్డవాళ్ల నడుము ఎత్తులో ఉంటాయి కాబట్టి, చూపు కొంచెం కిందినుంచి పైకి వెళుతుంది. చిన్నపిల్లలు పెద్దవాళ్లను చూసే ఎత్తు అది. డైక్‌మన్‌కు అప్పటికే ముప్ఫై దాటాయి, తర్వాత యాభై, అరవై కూడా వచ్చాయి. కారులో కూర్చున్నప్పుడు మాత్రం ప్రతిసారీ ఆ ఎత్తే. ఇది ఎత్తుగడ అని నేననుకోను. కానీ దిగి నిలబడి, ఇంకా బాగా కనిపించే చోటు వెతుక్కుని తీసే వీలు ఆవిడకు ఎప్పుడూ ఉంది. అలా మెరుగుపరచాలని చూడకపోవడంలోనే ఒక నిగ్రహం ఉంది.

పక్కన పెట్టి చూడదగ్గ పని ఇంకొకటుంది. నికొలస్ నిక్సన్ తన భార్య బెబీనీ, ఆమె ముగ్గురు చెల్లెళ్లనీ 1975 నుంచి 2022 దాకా ఏటేటా తీసిన ‘ది బ్రౌన్ సిస్టర్స్’. స్టాండు మీద నిలబెట్టిన పెద్ద కెమెరా, 8 అంగుళాలకు 10 అంగుళాల నెగటివ్, నలుగురూ ఎడమనుంచి కుడికి ఎప్పుడూ ఒకే వరస. అక్కడ చోటు మారుతుంది, మనుషుల వరస మారదు. ఇక్కడ చోటు మారదు. నిక్సన్ ఫొటోల్లో ఆ నలుగురూ ఫొటో కోసమే వచ్చి నిలబడతారు, ఆ గాంభీర్యం ముఖాల్లో తెలుస్తుంది. డైక్‌మన్ అమ్మానాన్నలు ఫొటో కోసం బయటికి రాలేదు, కూతుర్ని సాగనంపడానికి వచ్చారు. కెమెరా ఉన్నా లేకపోయినా వచ్చేవారే. నిక్సన్ పని గొప్పదే, అయినా ఏది ఎక్కువసార్లు చూడాలనిపిస్తుందంటే నేను సూ సిటీ వైపే చెయ్యి చూపిస్తాను.

కారణం వాళ్ల చూపు. మామూలు కుటుంబ ఫొటోలో మనుషులు లెన్సును చూస్తారు. నవ్వమంటే నవ్వుతారు, ‘ఇంకొకటి’ అంటే ఆ నవ్వు వాడిపోకుండా ఆపి ఉంచుతారు. ఈ ఫొటోల్లో ఆ ఇద్దరూ చూసేది కెమెరా వెనకున్న మనిషిని. ‘జాగ్రత్తగా వెళ్లు, చేరగానే ఫోన్ చెయ్యి’ అని చెప్పే కళ్లు అవి. కారు కదలబోతోంది కాబట్టి సర్దుకోమనడానికి, మరోసారి నిలబడమనడానికి టైము లేదు. పైకెత్తిన చెయ్యి ఉంది కనక ఫొటోకు కావలసిన కదలిక దానంతటదే వచ్చేస్తుంది. ఒక్కోసారి ఇద్దరి చేతులూ ఒకే ఎత్తులో లేస్తాయి, ఒక్కోసారి అమ్మ చేత్తో ముద్దు విసురుతుంది. ఇంకొకటి గమనించారా? వాళ్లు చెయ్యూపుతుంటే కూతురి చేతిలో కెమెరా ఉంది. ఆ ఫొటో తియ్యడం కూడా ఆమె చెయ్యూపడమే.

ఇక ఫ్రేములోకి చొరబడేవి. కారు కిటికీ అంచు, సీటు, అద్దం మీద వెలుగు. తలుపు తెరిచి, అద్దం తుడిచి, అడ్డున్నవి తీసేసి తియ్యాలని బడిలో నేర్పుతారు. ఈ అడ్డాలను ఆవిడ ఉంచేశారు. వాటివల్లే రెండో కథ ఒకటి లోపలికొచ్చింది. మొదట్లో ఒక ఫొటోలో వెనక సీట్లో ఆవిడ కొడుకు పసివాడు. ఏళ్ల తర్వాత స్టీరింగ్ ముందు యువకుడు. బయట ఇద్దరు ముసలివాళ్లవుతుంటే లోపల ఒకడు పెద్దవాడవుతున్నాడు. మధ్యన కెమెరా పట్టుకున్న మనిషి మాత్రం దాదాపుగా కనబడదు, ఆవిడ వయసు మనం కొడుకుని చూసి లెక్కకట్టుకోవాల్సిందే. కొన్ని ఫొటోలు రంగుల్లో, కొన్ని నలుపు తెలుపుల్లో ఉన్నాయి. వాటినన్నిటినీ ఒకేలా దిద్దలేదు. శీర్షికలు కూడా పెట్టలేదు, నెలా సంవత్సరమూ వేసి వదిలేశారు. ‘చివరి వేసవి’ లాంటి పేరు ఒక్కటి పెట్టి ఉంటే సిరీస్ మొత్తం పాడయ్యేది.

ఈ సిరీస్‌ను గురించి రాసినవాళ్లు చాలామంది కన్నీళ్ల గురించే రాశారు. 2020 మార్చిలో ‘న్యూయార్కర్’ పత్రిక ఈ ఫొటోలను ప్రచురించింది. లోకమంతా తలుపులు మూసుకుని, పిల్లలు తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లలేకపోయిన రోజులు అప్పుడే మొదలవుతున్నాయి. ఆ సమయంలో చూసినవాళ్లకు ఏడుపు రావడంలో వింత లేదు. కానీ ఫొటోలను ఫొటోలుగా చూస్తే వీటిలో సరదా చాలా ఉంది. మంచు కుప్ప వెనక మఫ్లర్లు చుట్టుకుని నిలబడి నవ్వుతారు. వాన పడే సాయంత్రం గరాజ్ లోపలి పచ్చటి వెలుగులోకి జరిగి, అక్కణ్ణుంచే ఊపుతారు. ఆ నవ్వు వెనక నాలుగు రోజుల కబుర్లు, వంటలు, పేకాటలో పోట్లాటలాంటివి ఉండే ఉంటాయని మనకు అనిపిస్తుంది. అలా అనిపించడానికి ఆధారమూ ఉంది. 1986 నుంచి డైక్‌మన్ అమ్మానాన్నలనూ బంధువులనూ వాళ్ల మామూలు రోజుల్లో తీస్తూ వచ్చారు. ‘రెలటివ్ మొమెంట్స్’ అనే ఆ పెద్ద పనిలో వీడ్కోళ్లు ఒక భాగం. ఊరెళ్లిన ప్రతిరోజూ కెమెరా చేతిలో ఉండేది కాబట్టి వెళ్లేటప్పుడు కూడా ఉంది. బయల్దేరేటప్పుడు మాత్రమే బ్యాగులోంచి తీసుంటే ఆ ఇద్దరూ అంత తేలిగ్గా నిలబడేవారు కాదు.

2009లో ఒక ఫొటోలో నాన్న లేరు. 91వ పుట్టినరోజు జరిగిన కొద్దిరోజులకే పోయారు. ఈ మలుపు దగ్గర ఆవిడ ఏం చేశారో చూడండి. సిరీస్ ఆపలేదు. అమ్మను దగ్గరగా తీసి ముఖమంతా నింపలేదు. నాన్న టోపీనో కుర్చీనో తెచ్చి గుర్తుగా పెట్టలేదు. ఎప్పటిలాగే కారు, ఎప్పటిలాగే వాకిలి, చెయ్యూపుతున్న అమ్మ. పక్కన నాన్న నిలబడే చోటు. అంతకుముందు పద్దెనిమిదేళ్లపాటు ఫ్రేము మార్చకపోవడం వల్ల ఆ ఖాళీ మనకు కనబడుతోంది. పాత ఫొటోలు చూడనివాళ్లకు అది ఒంటరి ముసలావిడ ఫొటో మాత్రమే.

మన ఇళ్లలో మనిషి పోతే ఆ ఏడాది పండగలు చెయ్యం. ఏడాది తిరిగాక వచ్చే మొదటి పండక్కి అందరూ చేరతారు, వండుకుంటారు, తింటారు, కానీ ఫొటో తీద్దామని ఎవరూ అనరు. నలుగురు నిలబడితే అయిదో మనిషి లేకపోవడం బయటపడుతుందని భయం. పోయినాయన గోడ మీద దండ వేసిన పటంలో ఉంటాడు, ఉన్నవాళ్లకు ఆ ఏటి ఫొటో ఉండదు. తీరా చూస్తే అమ్మ ఒక్కతే ఉన్న ఆ ఏళ్లకే ఆల్బమ్‌లో పేజీలు తక్కువ. డైక్‌మన్ దగ్గర ఆ ఏళ్లున్నాయి. నాన్న పోయాక ఇంకో ఎనిమిదేళ్లు అమ్మ ఆ వాకిట్లో ఒక్కతే నిలబడి చెయ్యూపింది. కూతురు వెళ్లిపోతుంటే అమ్మ ముఖంలో దిగులు రానురాను పెరిగింది, ఆ సంగతీ ఫొటోల్లో దాచలేదు. అమ్మ బాగా నవ్విన ఫొటోలే ఏరి పుస్తకం చేసుంటే చూడముచ్చటగా ఉండేది, అబద్ధంగానూ ఉండేది. అలాగని దిగులుదే పైచెయ్యి కాదు. మనవడు పెద్దవాడై కారు నడుపుతున్నాడు. అమ్మమ్మ వాకిట్లోకి వచ్చింది. నాన్న ఉన్నప్పుడు మొదలైన ఈ వీడ్కోలు తల్లీకూతుళ్లిద్దరితో సాగుతోంది.

2017లో అమ్మ వృద్ధుల వసతి గృహానికి మారాల్సి వచ్చింది. కొన్ని నెలలు ఆ అపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర వీడ్కోలు ఫొటోలు తీశారు. 27 ఏళ్లలో చోటు మారింది ఇక్కడే, అదీ తప్పక. ఆ అక్టోబరులో అమ్మ పోయింది. అంత్యక్రియలయ్యాక వెళ్లిపోతూ డైక్‌మన్ ఆ ఎర్ర ఇంటి ఖాళీ వాకిలిని ఇంకొక్క ఫొటో తీశారు. చాలామంది ఈ ఆఖరి ఫొటోనే గొప్పదంటారు. నాకలా అనిపించదు. విడిగా చూస్తే అది ఏ రియల్ ఎస్టేట్ ప్రకటనలోనైనా ఉండే ఫొటో. దానికున్న బరువంతా ముందున్న ఫొటోలు ఇచ్చినదే. గొప్పవి ఆ మధ్యవి. ఫలానా సంవత్సరమని ఎవరికీ గుర్తుండని, ఏ విశేషమూ జరగని, ఇద్దరూ ఉన్న రోజులవి.

సంక్రాంతికో దసరాకో ఊరెళ్లేవాళ్లకు ఒక మాట. మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టి గ్రూప్ ఫొటో ఎలాగూ తీస్తారు. తియ్యండి. కానీ కారో ఆటోనో ఎక్కి కూర్చున్నాక, ఫోన్ పక్కన పెట్టేసే ముందు, గుమ్మంలో నిలబడ్డవాళ్లను ఒకటి తియ్యండి. సర్దుకోమని చెప్పకండి. ఇంట్లో ఒక మనిషి తగ్గిన ఏడాదైతే తప్పకుండా తియ్యండి. నెలా సంవత్సరమూ రాసి పెట్టుకోండి, మళ్లీ వెళ్లినప్పుడు అక్కడినుంచే ఇంకొకటి తియ్యండి.