ఫ్యాన్ లేని చిప్

స్మార్ట్‌ఫోన్ ప్రాసెసర్‌కు సాధారణంగా ఫ్యాన్ ఉండదు. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో చిప్ వేడెక్కితే దాని మీది ఫ్యాన్ ఆ వేడిని బయటికి తోసేస్తుంది. ఫోన్‌లో పుట్టిన వేడి మాత్రం తెర మీదుగానో, వెనక పలక మీదుగానో పట్టుకున్న మనిషి అరచేతిలోకే వస్తుంది. అందుకే ఎక్కువసేపు ఖర్చు చేయగలిగిన కరెంటు కొద్ది వాట్లకు మించదు. ట్యాబ్లెట్ పలక వెడల్పు కనుక దానికి కాస్త వెసులుబాటు. ఈ చిప్‌ల తయారీలో తీసుకునే దాదాపు ప్రతి నిర్ణయం వెనకా ఈ వేడి లెక్కే ఉంటుంది.

ఈ పొదుపు మొదలైనప్పటికి స్మార్ట్‌ఫోన్లే లేవు. 1983లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ అనే చిన్న కంప్యూటర్ కంపెనీ సొంత ప్రాసెసర్ తయారీకి పూనుకుంది. చిప్ పాటించే ఆదేశాలను సోఫీ విల్సన్ రూపొందించగా, వాటిని నడిపే లోపలి నిర్మాణం స్టీవ్ ఫర్బర్ చేతుల మీదుగా సాగింది. ఖరీదైన సిరామిక్ తొడుగు కొనే స్తోమత లేక చవకైన ప్లాస్టిక్ తొడుగు అనుకున్నారు. అది కరగకుండా ఉండాలంటే చిప్ ఒక వాట్ లోపే సర్దుకోవాలి. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్ చేతికొచ్చింది. అందులో ఉన్నవి దాదాపు 25 వేల ట్రాన్సిస్టర్లు. ఎంత కరెంటు తాగుతోందో చూద్దామని ఫర్బర్ అమ్మీటర్ తగిలిస్తే ముల్లు సున్నా మీద నిలిచింది. చిప్ మాత్రం పని చేస్తూనే ఉంది. తీరా చూస్తే, బోర్డు మీద చిప్‌కు అసలు కరెంటు కనెక్షనే అందలేదు. పక్క చిప్‌ల నుంచి సిగ్నల్ పిన్నుల గుండా కారుతున్న కాస్త కరెంటుతోనే అది నడిచింది! ఆ డిజైన్ వారసత్వంతోనే 1990లో ఆర్మ్ సంస్థ విడిగా ఏర్పడింది. ఇవాళ్టి స్మార్ట్‌ఫోన్లు దాదాపు అన్నీ ఆర్మ్ ఆదేశాలతోనే నడుస్తాయి. 2023లో వచ్చిన యాపిల్ ఏ17 ప్రో చిప్‌లో ట్రాన్సిస్టర్లు 1,900 కోట్లు.

అన్ని కోట్ల ట్రాన్సిస్టర్లూ ఒకేసారి పని చేస్తే ఫోన్ చేత్తో పట్టుకోలేం. కాబట్టి చిప్‌ను బ్లాకులుగా విడదీసి, ఒక్కో పనికి ఒక్కో బ్లాకు కేటాయిస్తారు. ఒక ఫోటో తీయడమే చూడండి. కెమెరా సెన్సర్‌లో ఒక్కో బిందువు ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఏదో ఒక్క రంగునే పట్టుకుంటుంది. మిగతా రెండూ పక్క బిందువులను చూసి లెక్కగట్టాల్సింది ఇమేజ్ ప్రాసెసర్. ముఖం ఎక్కడుందో న్యూరల్ ప్రాసెసర్ గుర్తిస్తుంది. తెర మీది బొమ్మ సంగతి గ్రాఫిక్స్ బ్లాకు చూసుకుంటుంది. ఈ పనులన్నీ ఏ ఆదేశాన్నైనా నడపగల ప్రధాన బ్లాకు, సీపీయూ, ఒంటరిగానూ చేయగలదు. కానీ ఒక చిన్న కూడికకు అయ్యే శక్తి కంటే, ఆ ఆదేశాన్ని తెచ్చుకుని అర్థం చేసుకోవడానికి సీపీయూకు అయ్యే శక్తే ఎక్కువ. ఇక చిప్ బయటి మెమరీ దాకా వెళ్లి అంకె తేవాలంటే ఆ ఖర్చు కూడికకు వందల రెట్ల పైమాటే. అందుకే తరచూ వాడే డేటాను చిప్ లోపలి చిన్న మెమరీ అయిన క్యాష్‌లో ఉంచుతారు. చాలా ఫోన్లలో మెమరీ చిప్‌ను ప్రాసెసర్ నెత్తినే కూర్చోబెడతారు.

పని లేని బ్లాకుకు దాన్ని అడుగడుగునా నడిపించే క్లాక్ టిక్కులు ఆపేస్తారు, ఇంకాసేపు ఖాళీగా ఉంటే కరెంటే కట్ చేస్తారు. ఓల్టేజీ తగ్గించడం అన్నిటికంటే గట్టి మందు. ట్రాన్సిస్టర్లు స్థితి మారే ప్రతిసారీ అయ్యే ఖర్చు ఓల్టేజీ వర్గంతో ముడిపడి ఉంటుంది కనుక 10 శాతం తగ్గిస్తే ఖర్చు 19 శాతం పడిపోతుంది. 2011లో ఆర్మ్ ప్రకటించిన బిగ్-లిటిల్ పద్ధతి ఇంకో అడుగు వేసింది. సీపీయూలో ఆదేశాలను నడిపే భాగాలే కోర్లు. ఆటలకు, బరువైన పనులకు పెద్ద కోర్లు, పాటలు వినడానికి, మెసేజ్‌ల కోసం కాచుకోవడానికి చిన్న కోర్లు.

ఈ ఆలోచనలన్నీ ముందు కోడ్‌గా రాస్తారు. దాన్నే ఆర్‌టీఎల్ అంటారు. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్ లాంటి సంస్థల కేంద్రాల్లో ఎందరో తెలుగు ఇంజినీర్లకు ఇది రోజువారీ పని. అందులో బయటివాళ్లకు తెలియని భారం వెరిఫికేషన్‌ది, అంటే ఆ కోడ్ సరిగ్గా పని చేస్తుందో లేదో పరీక్షించడానిది. రెండు 64 బిట్ల సంఖ్యలను కూడే చిన్న సర్క్యూట్‌నే తీసుకున్నా, రాగల జతల సంఖ్య రాయడానికి 39 అంకెలు కావాలి. అన్నీ పరీక్షించడం అసాధ్యం. ఏవి పరీక్షిస్తే తప్పు బయటపడుతుందో పసిగట్టడంలోనే నేర్పంతా ఉంది. ఫోన్ యాప్‌లో తప్పుంటే మర్నాడు అప్‌డేట్ పంపొచ్చు. సిలికాన్‌లో అచ్చయిన తప్పును చెరపలేం. డిజైనర్ల కంటే ఈ వెరిఫికేషన్ ఇంజినీర్లకే ఎక్కువ పేరు రావాలి.

ఆ తర్వాత ఆ కోడ్‌ను చిప్ మీద గేట్లుగా, తీగలుగా పరిచే ఫిజికల్ డిజైన్. 3 గిగాహెర్ట్జ్ క్లాక్‌లో ఒక టిక్కుకు ఉండే వ్యవధిలో కాంతి సైతం 10 సెంటీమీటర్లే వెళ్తుంది. ఆలోపు సిగ్నల్ ఎన్నో గేట్లు దాటి గమ్యం చేరాలి. ఒక్క దారి ఆలస్యమైనా ‘టైమింగ్ క్లోజ్ కాలేదు’ అంటారు, మళ్లీ సర్దుతారు.

అన్నీ కుదిరాక టేపౌట్. డిజైన్ ఫైళ్లు తైవాన్‌లోని టీఎస్‌ఎంసీకో, కొరియా శాంసంగ్‌కో వెళ్తాయి. నెలల తర్వాత తొలి చిప్‌లు ల్యాబుకు వస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు ఇంజినీర్లు కరెంటు ఇచ్చి, ఎన్ని మిల్లీయాంపియర్లు తాగుతోందో మీటర్‌లో చూస్తారు.